వందవాసిలో ఓడిన లాలీది ఏ ఊరు? ఒక ఐరిష్ ఇంటిపేరు కథ

మూడో కర్ణాటక యుద్ధం పాఠం చదివినవాళ్లకు కౌంట్ డి లాలీ పేరు గుర్తుండే ఉంటుంది. 1760లో వందవాసి దగ్గర ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిన ఫ్రెంచి సేనాని. పోటీ పరీక్షల బిట్లలో ఇప్పటికీ తగులుతూనే ఉంటాడు. డూప్లే, బుస్సీ, లాలీ అని ఒకే వరసలో బట్టీ పట్టేస్తాం కాబట్టి ముగ్గురూ ఫ్రెంచివాళ్లే అనుకుంటాం. అయితే లాలీ ఫ్రెంచి ఇంటిపేరు కాదు. ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వే ప్రాంతానికి చెందిన ఓ పాత వంశం పేరది. అదే పేరు ఇంకో రూపంలో ఫోర్డ్ కార్ల కంపెనీ మాజీ సీఈఓ అలన్ ములాలీకి ఉంది. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌గా 2025లో ఎంపికైన సారా ముల్లల్లీకి పెళ్లి ద్వారా వచ్చింది.

లాలీ, ముల్లల్లీ, ములాలీ. మూడూ ఒకటే పేరని చూడగానే తట్టదు. ఐరిష్ ఇంటిపేర్లలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకే వంశం నాలుగు స్పెల్లింగుల్లో కనిపిస్తుంది, ఏ చుట్టరికమూ లేని నాలుగు వంశాలు ఒకే స్పెల్లింగులో కనిపిస్తాయి. నా ఉద్దేశంలో ఐరిష్ ఇంటిపేరు రక్తసంబంధం గురించి చెప్పేదానికంటే, ఏ కాలంలో ఎవరు కలం పట్టుకుని రాశారన్నదే ఎక్కువ చెబుతుంది. లాలీల సంగతి చూస్తే అది బాగా తెలుస్తుంది.

ముందు అసలు పేరు. ఐర్లండ్ సొంత భాష గేలిక్‌లో దాన్ని ఇంచుమించు 'ఓ మీలలీ' అంటారు. మొదట్లో ఉన్న 'ఓ' అంటే మనవడు, వారసుడు అని అర్థం. 'మాక్' అంటే కొడుకు. మన దగ్గర చాలా ఇంటిపేర్లు ఊళ్ల నుంచి వచ్చాయి. ఐర్లండ్‌లో ఊరికంటే మనిషే ముఖ్యం. ఫలానా పెద్దమనిషి వారసులం అని చెప్పుకోవడంతో ఇంటిపేరు మొదలవుతుంది. యూరప్‌లో వంశపారంపర్య ఇంటిపేర్లు అందరికంటే ముందుగా స్థిరపడిన దేశాల్లో ఐర్లండ్ ఒకటి. పదో శతాబ్దం మొదట్లోనే అవి అక్కడి వార్షిక వృత్తాంతాల్లో కనిపిస్తాయి. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రయన్ బోరు వారసులు ఓబ్రయన్‌లు అయ్యారు. అలాగే మీలలీ అనే ఒకాయన వారసులు ఓ మీలలీలయ్యారు.

పేరు ముందు భాగంలో ఉన్న 'మీల్' అంటే బోడి తల. క్రైస్తవ సన్యాసులు నడినెత్తి గొరిగించుకునేవాళ్లు కాబట్టి, ఆ మాటకు 'భక్తుడు, దాసుడు' అనే అర్థం కూడా వచ్చింది. మాలోన్ అనే ఇంటిపేరు ఇలా పుట్టిందే, సెయింట్ జాన్ దాసుడి వారసులని. మన రామదాసు, శివదాసు లాంటి పేర్లే అనుకోండి. మీలలీలో రెండో భాగానికి మాత్రం పండితులు తలో అర్థం చెబుతారు. ఇంటిపేర్ల వెబ్‌సైట్లలో ఒక్క వాక్యంలో తేల్చేసే అర్థాలను నమ్మకపోవడమే మంచిది.

ఈ పేరుకు ఆడవాళ్ల రూపం వేరు. పెళ్లికాని అమ్మాయి 'ఓ' వాడదు, 'నీ' వాడుతుంది. దాని తర్వాతి అక్షరం మెత్తబడి పేరు 'నీ వీలలీ' అవుతుంది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన కోడలు 'బాన్ ఈ వీలలీ'. అంటే అన్న, చెల్లెలు, వదిన ఒకే ఇంట్లో ఉన్నా మూడు పేర్లు వినిపిస్తాయి. గేలిక్ రాని ఇంగ్లీషు గుమాస్తా వీటిని వింటూ రాసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

తర్వాతి కాలంలో ఓ మీలలీలు ఉన్నది గాల్వేలోని ట్యూమ్ పట్టణం దగ్గర. కానీ వాళ్ల మొదటి చోటు అది కాదు. ఐర్లండ్ పడమటి భాగమైన కొనాక్ట్‌లో తూర్పు గాల్వే, దక్షిణ రాస్‌కామన్ మీదుగా ఈ మాన్యే అనే రాజ్యం ఉండేది. దాని మీద పెత్తనం ఓకెల్లీలది. ఆ రాజ్యంలో లాక్‌రే చుట్టూ ఉన్న సారవంతమైన మైదానాన్ని మోయిన్‌మోయ్ అనేవారు. ఆ మైదానానికి ఓ మీలలీలు, ఓ నాక్టన్‌లు ఇద్దరూ ప్రభువులని మధ్యయుగపు కవులు చెప్పారు. ఈ మాన్యే వంశావళులు తమ మూలపురుషుణ్ణి ఉత్తరాన అల్‌స్టర్ వైపు రాజవంశంలోకి తీసుకెళ్లి కలుపుతాయి. చరిత్రకారులు దాన్ని అంతగా నమ్మరు. రాజుగారి ఆస్థానంలో వంశావళి రాసేవాడికి జీతమిచ్చేది రాజే కదా.

12వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌ను ఏలుతున్న నార్మన్లు ఐర్లండ్‌లో దిగారు. 1235లో రిచర్డ్ డి బర్గ్ కొనాక్ట్ మీద పడ్డాడు, మరుసటి ఏడాది లాక్‌రేలో కోట కట్టించాడు. మోయిన్‌మోయ్ మంచి భూమి, అందుకే పోయింది. ఓ నాక్టన్‌లు అథ్‌లోన్ వైపు తరలిపోయారు. ఓ మీలలీలు ఉత్తరాన ట్యూమ్ దగ్గర తుల్లఖ్ న డాలా అనే చోట స్థిరపడ్డారు. ఆ ఊరి పేరుకు సభ జరిగే గుట్ట అని అర్థం. ఇంగ్లీషు కాగితాల్లో అది టుల్లనడేలీ అయింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, వీళ్లను తరిమిన డి బర్గ్‌లే రెండు మూడు తరాల్లో గేలిక్ మాట్లాడుతూ, గేలిక్ పద్ధతులు పాటిస్తూ బర్క్‌లయ్యారు. ఈ రోజు బర్క్ అన్న పేరు వింటే ఎవరైనా పక్కా ఐరిష్ అంటారు.

ఇంగ్లీషు ఏలుబడి బిగిసేకొద్దీ పేర్ల మీద ఒత్తిడి పెరిగింది. 1465లోనే ఒక చట్టం వచ్చింది. డబ్లిన్ చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో ఉండే ఐరిష్‌వాళ్లు ఇంగ్లీషు ఇంటిపేర్లు పెట్టుకోవాలి, ఒక ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో. కొనాక్ట్ దాకా ఆ చట్టం పాకలేదు. అక్కడ పని చేసింది కచేరీ రాతకోతలు. 16వ శతాబ్దంలో ట్యూమ్‌కు ప్రొటెస్టెంట్ ఆర్చ్‌బిషప్‌గా పనిచేసిన విలియం ఈ వంశంవాడే. 1573 నుంచి 1595లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు. ఆయన పేరు ఒకచోట ముల్లల్లీ అని, ఒకచోట లాలీ అని రాశారు. ఇద్దరు ఆర్చ్‌బిషప్‌లు కాదు, ఒక్కడే. ఎలిజబెత్ రాణి కాలంలో ఓ గేలిక్ వంశంలోంచి ఇంగ్లీషు ప్రభుత్వ చర్చిలో ఇంత పెద్ద పదవికి ఎక్కాడంటే, ఆ ఇంట్లో అందరూ ఒకే పక్షాన లేరని కూడా తెలుస్తోంది.

ముల్లల్లీలోంచి 'ముల్' రాలిపోయి లాలీ మిగలడం ఈ ఒక్క వంశానికే జరిగింది కాదు. ఈ రోజు ఐర్లండ్‌లో బాగా ఎక్కువగా వినిపించే రయన్ అనే పేరు చాలా ఇళ్లలో పాత ముల్‌రయన్. మొదట 'ఓ' పోయింది, తర్వాత 'ముల్' పోయింది, చివరికి మూలపురుషుడి పేరులో తోక మాత్రం మిగిలింది. కొనాక్ట్‌లో ఎక్కువగా లాలీ అయింది, బయట ముల్లల్లీ నిలబడింది. అందుకని ముల్లల్లీలు పెద్దింటివాళ్లనీ, లాలీలు చిన్నింటివాళ్లనీ ఎవరైనా చెబితే అది వట్టి కబుర్లే.

ఇక 17వ శతాబ్దం చివరికి వద్దాం. క్యాథలిక్ రాజు రెండో జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం పోగొట్టుకుని, ఫ్రాన్స్ సాయంతో ఐర్లండ్‌లో దిగాడు. 1689లో డబ్లిన్‌లో ఆయన జరిపిన పార్లమెంటులో ట్యూమ్ తరఫున కూర్చున్నవాళ్లలో టుల్లనడేలీకి చెందిన జేమ్స్ లాలీ ఉన్నాడు. తర్వాత ఇంగ్లీషు సైన్యంతో రెండు పెద్ద యుద్ధాలు. 1690లో బోయిన్, 1691 జూలైలో ఆగ్రిమ్. రెండుచోట్లా ఓటమి. ఆగ్రిమ్ ఉన్నది పాత ఈ మాన్యే గడ్డమీదే. ఆ అక్టోబరులో లిమరిక్ ఒప్పందం కుదిరాక దాదాపు 14,000 మంది ఐరిష్ సైనికులు ఫ్రాన్స్‌కు ఓడలెక్కారు. వాళ్లనే వైల్డ్ గీస్ (అడవి బాతులు) అంటారు. లాలీల భూములు పోయాయి. ఆ ఇంటివాడే జెరార్డ్ లాలీ, ఫ్రెంచి రాజు సైన్యంలోని డిలన్ రెజిమెంటులో అధికారి అయ్యాడు. ఒక ఫ్రెంచి పెద్దింటి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు 1702లో ఫ్రాన్స్ ఆగ్నేయంలోని రోమాన్స్ పట్టణంలో కొడుకు పుట్టాడు. పేరు థామస్ ఆర్థర్. మన పాఠాల్లోని లాలీ ఇతనే. అంటే ఐర్లండ్‌లో పుట్టనే లేదు.

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో పైకి రావాలంటే ఉన్నత వంశంలో పుట్టానని కాగితం చూపించాలి. భూమి పోయింది, కోట పోయింది, మిగిలింది వంశావళి ఒక్కటే. ఫ్రాన్స్‌లోని జేమ్స్ రాజు ప్రవాస ఆస్థానంలో జేమ్స్ టెర్రీ అనే వంశచిహ్నాల అధికారి ఉండేవాడు. ప్రవాసులకు వంశ పత్రాలు తయారుచేసి ఇవ్వడం ఆయన పని. ఈ పత్రాల్లో నిజం ఎంత, అతుకులు ఎన్ని అన్నది ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క. లాలీలు చేసిన పని ఏమిటంటే, పోగొట్టుకున్న ఊరి పేరునే బిరుదుగా తగిలించుకున్నారు. టుల్లనడేలీ ఫ్రెంచి నోట్లో టోలెండాల్ అయింది, థామస్ ఆర్థర్ లాలీ-టోలెండాల్ అయ్యాడు. వినడానికి ఏదో ఫ్రెంచి జమీందారీ లాగా ఉంటుంది గానీ, ఆ పేరుతో ఫ్రాన్స్‌లో ఎకరం భూమి లేదు. ట్యూమ్ దగ్గరి గుట్ట అది, అప్పటికి వేరేవాళ్ల చేతిలో ఉంది.

1745లో ఫాంటెనాయ్ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం మీద ఫ్రెంచి సైన్యంలోని ఐరిష్ బ్రిగేడ్ చేసిన దాడిలో లాలీ తన సొంత రెజిమెంటును నడిపి పేరు తెచ్చుకున్నాడు. ధైర్యం ఉంది, ఇంగ్లండ్ మీద కసి ఉంది. ఓర్పు మాత్రం లేదు. ఏడేళ్ల యుద్ధం మొదలయ్యాక ఇతన్ని భారతదేశానికి సర్వాధికారిగా పంపారు. 1758 ఏప్రిల్ చివర్లో పుదుచ్చేరిలో దిగాడు. జూన్ మొదట్లోకల్లా కడలూరు దగ్గర ఇంగ్లీషువాళ్ల సెయింట్ డేవిడ్ కోటను పట్టేశాడు. తర్వాత అంతా కిందకే.

ఇక్కడే ఈ ఐరిష్ ఇంటిపేరు నేరుగా తెలుగునేల చరిత్రలోకి వస్తుంది. అప్పటికి బుస్సీ హైదరాబాదులో నిజాం సలాబత్ జంగ్ దగ్గర చక్రం తిప్పుతున్నాడు. ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ (శ్రీకాకుళం) సర్కారులు 1753 నుంచి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది కూడా బుస్సీ ఆధ్వర్యంలోనే. లాలీకి ఈ దేశపు నవాబులతో పొత్తులంటే గిట్టదు. మద్రాసును కొడితే చాలు, మిగతావన్నీ అనవసరమని అతని లెక్క. బుస్సీని సైన్యంతో సహా వచ్చేయమని ఆజ్ఞాపించాడు. బుస్సీ గగ్గోలు పెట్టాడు, కానీ వెళ్లక తప్పలేదు. సర్కారులను కాన్‌ఫ్లాన్స్ అనే అంతగా అనుభవం లేని అధికారికి అప్పగించారు. ఇదే అదను అని విజయనగరం ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువాళ్లకు కబురంపాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ ఓడాడు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. కోస్తాలో ఫ్రెంచి ఆధిపత్యం అంతటితో సరి. చివరికి వాళ్లకు మిగిలింది యానాం లాంటి చిన్న ముక్కలు.

ఇప్పుడు ఇంటిపేర్ల కోణంలోంచి ఇదే యుద్ధాన్ని చూడండి. చందుర్తిలో గెలిచిన ఫ్రాన్సిస్ ఫోర్డ్ ఐర్లండ్‌లోని డౌన్ కౌంటీ కుటుంబంవాడు. వందవాసిలో లాలీని ఓడించిన ఐర్ కూట్ పుట్టింది లిమరిక్ కౌంటీలో. ఇద్దరూ ఐర్లండ్‌వాళ్లే, కానీ వాళ్ల ఇంటిపేర్లు గేలిక్‌వి కావు. భూములు పొందిన ఇంగ్లీషు వలసదారుల పేర్లవి. కూట్‌ల మూలపురుషుడు చార్లెస్ కూట్ 1600 ప్రాంతంలో ఇంగ్లీషు సైన్యంతో ఐర్లండ్ వచ్చినవాడు. 1760 జనవరి 22న వందవాసిలో భూమి పోగొట్టుకున్న ఐర్లండ్, భూమి దక్కించుకున్న ఐర్లండ్ ఎదురుపడ్డాయి. ఫ్రాన్స్, బ్రిటన్ జెండాల కింద, తమిళనేల మీద. పుట్టిన చోటును బట్టి చూస్తే కూట్ ఐరిష్, లాలీ ఫ్రెంచివాడు. పేరును బట్టి చూస్తే ఆ లెక్క తలకిందులు.

అలాగని లాలీని భూమి పోగొట్టుకున్న పాపం మనిషిగా చూసి జాలిపడక్కర్లేదు. ఇక్కడి జనాన్ని కులం, వయసు చూడకుండా పట్టుకొచ్చి బరువులు మోయించాడు. తంజావూరు మీద దండెత్తినప్పుడు దారిలో కీవళూరు ఆలయాన్ని దోచి, అక్కడి బ్రాహ్మణుల్ని గూఢచారులన్న అనుమానంతో ఫిరంగులకు కట్టి పేల్పించాడు. తన తండ్రి తరం ఐర్లండ్‌లో ఏం పోగొట్టుకుందో తెలిసినవాడే ఈ పనులన్నీ చేశాడు.

1761 జనవరిలో పుదుచ్చేరి లొంగిపోయింది. లాలీ ఇంగ్లండ్‌లో ఖైదీ అయ్యాడు. పారిస్‌లో తన మీద వస్తున్న నిందలకు జవాబు చెప్పుకుంటానని పట్టుబట్టి, మాట మీద విడుదలై ఫ్రాన్స్ వెళ్లాడు. వెళ్లకుండా ఉంటే బతికేవాడేమో. బాస్టీల్ జైల్లో పెట్టారు, రాజు ప్రయోజనాలకు ద్రోహం చేశాడన్నారు, 1766 మే 9న నోటికి గుడ్డ కట్టి మరీ తల నరికారు. భారతదేశంలో పోయిన సామ్రాజ్యానికి ఎవరో ఒకరు బాధ్యులుగా దొరకాలి. కోపిష్ఠి, పరాయి పేరువాడు, స్నేహితుల్లేనివాడు కాబట్టి లాలీ సులువుగా దొరికాడు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఈ తీర్పు అన్యాయమని ఏళ్ల తరబడి వాదించాడు. 1778 మేలో రాజమండలి ఆ తీర్పును కొట్టేసింది. ఆ కబురు మంచాన పడ్డ వోల్టేర్‌కు చేరింది. లాలీ కొడుక్కి నాలుగు వాక్యాలు రాయించి, కొద్ది రోజులకే కన్నుమూశాడు.

ఆ కొడుకు ట్రోఫీమ్ జెరార్డ్. పెళ్లి కాకుండా పుట్టినవాడు, వేరే పేరుతో పెరిగాడు. తండ్రి ఎవరో తెలిసింది తండ్రిని చంపే సమయానికే. అక్కడి నుంచి అతని జీవితమంతా ఆ ఇంటిపేరు కోసమే పోరాటం. తనకు చట్టప్రకారం దక్కని పేరును, తీర్పుతో మకిలిపట్టిన పేరును తెచ్చి తగిలించుకుని, దానికి పరువు తెచ్చాడు. ఫ్రెంచి విప్లవం తొలినాళ్లలో జాతీయ సభలో మంచి వక్త, తర్వాత ఫ్రెంచి అకాడమీ సభ్యుడు. 1830లో చనిపోయాడు. మగ సంతానం లేదు, ఫ్రెంచి లాలీ శాఖ అక్కడితో ఆగింది. పుదుచ్చేరిలో లాలీ టోలెండాల్ వీధి మాత్రం ఉంది.

ఐర్లండ్‌లో ఉండిపోయిన లాలీలకు బిరుదుల్లేవు, వంశపత్రాల్లేవు. ఎక్కువమంది గాల్వే, మేయో కౌంటీల్లో కౌలురైతులు. 1845 నుంచి వరసగా బంగాళాదుంప పంట కుళ్లిపోయినప్పుడు అందరికంటే దెబ్బతిన్నది కొనాక్టే. దేశం మొత్తం మీద సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కారు. అమెరికా, ఇంగ్లండ్ లాలీల్లో చాలామంది ఆ వలసల సంతానం. న్యూయార్క్‌లో దిగగానే ఎల్లిస్ ఐలండ్ గుమాస్తాలు పేర్లు మార్చేశారని ఇంటింటా ఒక కథ చెబుతారు. అది నిజం కాదు. ఎల్లిస్ ఐలండ్‌లో వలసదారుల తనిఖీ కేంద్రం తెరిచింది 1892లో. ప్రయాణికుల జాబితా ఓడ బయల్దేరిన రేవులోనే తయారయ్యేది, ఎల్లిస్ ఐలండ్ అధికారులు దాన్ని సరిచూసుకునేవాళ్లు అంతే. స్పెల్లింగులు మారింది అంతకుముందూ ఆ తర్వాతా, చర్చి రిజిస్టర్లలో, జనాభా లెక్కల్లో, యజమానుల జీతాల పుస్తకాల్లో. చదువురాని మనిషి తన పేరు చెబుతాడు, విన్నవాడు తనకు తోచినట్టు రాస్తాడు. ములాలీలో ఒక 'ఎల్' తగ్గడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకక్కర్లేదు.

1893లో గేలిక్ భాషను నిలబెట్టడానికి గేలిక్ లీగ్ అనే సంఘం మొదలయ్యాక జారిపోయిన 'ఓ'లను తిరిగి తగిలించుకోవడం ఫ్యాషనైంది. సలివన్‌లు ఓసలివన్‌లయ్యారు. లాలీల ఇళ్లలో ఆ పని పెద్దగా జరగలేదు. అసలు పేరు అంత అరిగిపోయాక 'ఓ' ఎక్కడ తగిలించాలి? మేయోలోని టూర్మకేడీలో పుట్టి, 1975లో గాల్వేలో డ్రూయిడ్ థియేటర్ స్థాపించిన ముగ్గురిలో ఒకడైన నటుడు మిక్ లాలీకి గేలిక్ బాగా వచ్చేది. అయినా ఐర్లండ్ అంతా అతన్ని మిక్ లాలీగానే ఎరుగు.

ఈ ఇంటిపేరున్న ఎవరైనా తమ మూలాలు వెతకాలనుకుంటే మొదట తగిలేది 1922 నాటి గోడ. అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనం పేలి, పక్కనే ఉన్న రికార్డుల భాండాగారం తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కల్లో అత్యధిక భాగం అందులో బూడిదైంది. తర్వాతి నాలుగు దశాబ్దాల లెక్కలను అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. కాబట్టి 1922కు ముందువాటిలో పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలు, రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. వాటి వెనక 1864 నుంచి జనన మరణ రిజిస్టర్లు, ఇంకా వెనక గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అనే భూమి శిస్తు లెక్కలు, క్యాథలిక్ చర్చి పుస్తకాలు. అన్నింట్లోనూ 'ఎల్' కింద ఒకసారి, 'ఎమ్' కింద ఒకసారి వెతకాలి. తాత ఏ ఊళ్లో ఉండేవాడో తెలియకపోతే ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని చేసేదేమీ లేదు. లాలీ కుటుంబ చిహ్నం అని కప్పుల మీద, కీచైన్ల మీద అచ్చేసి అమ్మే డాలు బొమ్మలు ఈ వెతుకులాటకు ఏమాత్రం పనికిరావు. ఆ చిహ్నాలు ఒక మనిషికి, అతని వారసులకు ఇచ్చినవి, ఇంటిపేరు కలిసిన ప్రతివాడికీ కావు.

ఇంకో మాట. బర్మింగ్‌హామ్‌లోనో వాంకూవర్‌లోనో లాలీ అనే ఇంటిపేరుతో ఎవరైనా కనిపిస్తే వెంటనే గాల్వే కథ మొదలుపెట్టకండి. పంజాబీ జాట్ సిక్కుల్లో కూడా ఆ పేరుంది, ఇంగ్లీషులో రాసేటప్పుడు స్పెల్లింగు కూడా చాలాసార్లు అదే. ఆ లాలీలకూ ఈ లాలీలకూ ఏ సంబంధమూ లేదు.